తలకిందుల సీసా

బాపట్ల నుంచి సూర్యలంక వెళ్ళే దారిలో, సరుగుడు తోట దాటగానే ఉన్న 'అలల ఇల్లు' రిసార్టులో, బారు గోడకి ఒక నల్లబోర్డు వేలాడుతుంటుంది. దాని మీద రంగు సుద్దలతో మూడు బీర్ల పేర్లు రాసి ఉన్నాయి. గోధుమ బీరు, నల్ల బీరు, నూకల బీరు. మూడోదాని పక్కన 'ఈ ఆదివారం నుంచి' అని. అన్నిటికంటే కింద, చుట్టూ పూలతీగ గీసి మరీ, 'బ్రూమాస్టర్: కిషోర్' అని.

మూడు బీర్లూ తయారుచేసింది మనీషా. కిషోర్ చేసింది ఆ పూలతీగ.

కిషోర్ మంచివాడే, అది వేరే సంగతి. రిసార్టుకి ఫ్లోర్ మేనేజరు. ముంజేతి మీద పచ్చబొట్టు, గుండెల దాకా గడ్డం, ముత్యాల్లాంటి చేతిరాత. బార్లీకీ సజ్జలకీ తేడా చెప్పమంటే మాత్రం కాస్త టైం అడుగుతాడు. మనీషా కెమికల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఒక బ్రూవరీలో రెండేళ్ళు ట్యాంకులు కడిగి, ఇంకో ఏడాది ఆ ట్యాంకుల్లో ఏం జరుగుతుందో నేర్చుకుని, ఎనిమిది నెలల కిందట ఇక్కడికి వచ్చింది. చేరిన రోజునే ఓనరు వెంకట్ పని పంచేశాడు.

"నువ్వు లోపల చూసుకో అమ్మా. బయట కిషోర్ చూసుకుంటాడు."

"బయట చూసుకోడానికేముంది సార్? బీరు తయారయ్యేది లోపలేగా."

"బీరంటే ఒక గడ్డం ఉండాలమ్మా. జనం పక్కన నిలబడి ఫొటో దిగుతారు. ఆడపిల్ల చేసిందంటే లైట్‌గా ఉంటుందనుకుంటారు. మనవాళ్ళకి స్ట్రాంగ్ తప్ప గొంతు దిగదు." ఆమె మొహం చూసి ఒక మెట్టు దిగాడు. "నీ పేరూ వేద్దాం, ఎందుకు వెయ్యం. నీ సొంత రెసిపీ ఒకటి పెట్టు. అది ఆడిందనుకో, బోర్డు మీద నీ పేరే."

వెంకట్ ఆ మాట అని మర్చిపోయాడు. మనీషా మర్చిపోలేదు. అందులోంచి పుట్టిందే నూకల బీరు.

మనీషా నాన్న పౌలు రేపల్లెలో ఒక రైసుమిల్లులో ఫిట్టరు. బియ్యం ఆడించినప్పుడు విరిగిన నూకలు అక్కడ గుట్టలుగా పడుంటాయి. అవి కోళ్ళకి పోతాయి, లేకపోతే ఉప్మాకి పోతాయి. బీరుకి పోతాయని ఆ మిల్లులో ఎవరూ అనుకోలేదు. పౌలు మాత్రం కూతురు అడిగిందని, బీపీటీ రకం బియ్యపు నూకలు, అదీ కొత్త పంటవి, మట్టిబెడ్డ లేకుండా తన చేత్తో జల్లించి, మూడు బస్తాలు బాపట్ల బస్సు మీద వేసి పంపాడు. మనీషా వాటిని జావ కాచి, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతో కలిపింది. మొదటిసారి పులిసిన గంజి వాసన వచ్చింది, పారబోసింది. రెండోసారి ఏ వాసనా రాలేదు, అదీ పారబోసింది. మూడోసారి ఐదు వందల లీటర్ల ట్యాంకులో ఇరవయ్యారు రోజులు చల్లగా నిద్రపుచ్చితే, లేత బంగారు రంగులో, తేటగా, గొంతు దిగేటప్పుడు చివర్లో ఒక్క క్షణం అన్నం గిన్నె మూత తీసిన వాసనతో తేలింది. మనీషా ఆ రోజు ట్యాంకు పక్కన గచ్చు మీదే కూర్చుని, సగం గ్లాసు తాగి, ఎవరికి చెప్పాలో తెలీక నాన్నకి ఫోన్ చేసింది.

అమ్మకి చెప్పి లాభం లేదు. అమ్మ పుష్పలత, చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. కూతురు వాటర్ ప్లాంటులో పనిచేస్తోందని అందరికీ చెప్పుకుంది.

"వాటర్ ప్లాంటేంటమ్మా?"

"అందులో తొంభై పాళ్ళు నీళ్ళేనని నువ్వేగా చెప్పావు. నేను అబద్ధమేం ఆడానే? బీరు కాసే పిల్ల అని చెప్పమంటావా, సారా కాసేదాన్ని చూసినట్టు చూస్తారు."

* * *

ఆదివారం పదకొండింటికి తెనాలి బ్యాచ్ దిగింది. ఎనిమిది మంది మగాళ్ళు. తాగి బండి నడపకూడదన్న ఒక్క విషయంలో వాళ్ళకి మహా క్రమశిక్షణ. రైల్లో వచ్చి, బాపట్ల స్టేషను దగ్గర రెండు ఆటోలు మాట్లాడుకున్నారు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కూడా వెంట తెచ్చుకున్నారు, ఎందుకంటే రిసార్టుల్లో పెట్టేవి బీరుకి ముందే కడుపు నింపేస్తాయని వాళ్ళ నమ్మకం.

వాళ్ళకి అలాంటి నమ్మకాలు చాలా ఉన్నాయి. ఒకాయన సీసా మీద నెల చూడకుండా మూత తియ్యడు. నెల దాటితే వడదెబ్బ తగిలిన బీరు అంటాడు. ఆర్టీసీ కండక్టరు ఒకాయన చిటికెడు ఉప్పు వేసుకుంటాడు. ఇంకొకాయన ఐసు. అందరికీ ఇష్టమైనది స్ట్రాంగ్. మిగతావన్నీ వాళ్ళ లెక్కలో పేషెంట్లు తాగేవి. నాయకుడు వినోద్ కుమార్‌కి తెనాలిలో టైల్స్ షాపుంది, ఇన్‌స్టాలో 'సీసా సంగతులు' అని పేజీ ఉంది. ఏ బీరు తాగినా మర్నాడు పొద్దున తలనొప్పికి పదికి ఇన్ని మార్కులని వేసి పోస్టు పెడతాడు. గుంటూరు నుంచి రేపల్లె దాకా బార్ల వాళ్ళు ఆ మార్కుల కోసం కాచుకుని ఉంటారు. అందుకే వెంకట్ అతన్ని పిలిచాడు.

బ్రూవరీ గదికి అద్దం గోడ. మనీషా రబ్బరు బూట్లతో, తలకి వలటోపీతో లోపల నిలబడి అంతా చూస్తోంది. బ్యాచ్‌లో ఒకాయన ఫోను పైకెత్తి అద్దం మీద వేలితో కొట్టాడు.

"కొంచెం పక్కకి జరగమ్మా. ట్యాంకు ఫొటోలో పడాలి."

మనీషా జరిగింది. తను కాచిన బీరు ముందు నుంచి, తనే.

జరిగాక కనపడ్డాడాయన, మూల కుర్చీలో. ఐసు వేసుకునే ఆయన. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. పున్నారావు సార్. తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు ఆమెకి ఫిజిక్స్ చెప్పిన లెక్చరరు. వలటోపీలో ఆయన ఆమెని గుర్తుపట్టలేదు. ఆమెకి మొదట సిగ్గేసింది, తర్వాత ఎందుకో ధైర్యం వచ్చింది. చదువుకున్నవాడు ఒకడైనా ఉన్నాడు కదా అనుకుంది.

కిషోర్ గడ్డం సవరించుకుని నూకల బీరు పోశాడు. వినోద్ తాగలేదు. సంచీలోంచి తువ్వాలు చుట్టిన ఖాళీ సీసా, ఒక గాజు గ్లాసు తీశాడు. కంపెనీ సీసా అయితే దాన్నే తిప్పేవాడు. ట్యాపు బీరు కోసం ఇలా సొంత సరంజామాతో తిరుగుతాడు. గ్లాసు నిండా మంచినీళ్ళు పోశాడు. బీరు సీసాలోకి వంచుకుని, మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, సీసాని తలకిందులు చేసి, మూతిని నీళ్ళలో ముంచి వేలు తీశాడు.

సీసాలోంచి పసుప్పచ్చటి సన్న తీగలు మెలికలు తిరుగుతూ నీళ్ళలోకి దిగాయి. గ్లాసు అడుగున మెల్లగా పేరుకున్నాయి.

"దిగుతోంది," అన్నారెవరో, కలుగులోంచి పాము వస్తున్నట్టు.

"చూడండి ఫ్రెండ్స్," వినోద్ ఫోనులోకి చూస్తూ చెప్పాడు. "ఇదే గ్లిసరిన్. బీరు నిలవుండటానికి కలుపుతారు. లివరుకీ, పొట్టకీ ఇదే కారణం. నేచురల్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళు కూడా కలుపుతున్నారు. ఏమండీ బ్రూమాస్టర్ గారూ, ఏమంటారు?"

అద్దం వెనక మనీషాకి నవ్వొచ్చింది. పిల్లల ప్రయోగం అది. బీరు నీళ్ళకంటే కాస్త బరువు కాబట్టి కిందికి దిగుతుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు పైకెక్కుతాయి. అంతే. కిషోర్ అదే చెప్తాడనుకుంది. కనీసం తనని పిలుస్తాడనుకుంది.

"సారీ సార్," అన్నాడు కిషోర్ రెండు చేతులూ కట్టుకుని. "ఇది ఫస్ట్ బ్యాచ్ అండి. నెక్స్ట్ బ్యాచ్‌లో గ్లిసరిన్ తగ్గించేస్తామండి."

లేని దొంగతనానికి క్షమాపణ చెప్పి, ఇకమీదట తక్కువ దొంగిలిస్తామని మాటిచ్చిన మనిషిని ఆమె అప్పటిదాకా చూడలేదు. పున్నారావు సార్ వైపు చూసింది. ఆయన అడుగున పేరుకున్న దాన్ని కళ్ళజోడు సర్దుకుని చూసి, నిజమేనన్నట్టు తల ఊపాడు.

ఆ తల ఊపడం దగ్గరే ఆమెకి కాలింది. బూట్లు టపటపలాడిస్తూ తలుపు దాకా వచ్చింది. వెంకట్ అడ్డం నిలబడ్డాడు.

"ఇప్పుడొద్దు. కస్టమర్లున్నారు."

మధ్యాహ్నం చర్చి వదిలే వేళకి వీడియో రేపల్లె చేరింది. 'నూకల బీరులో గ్లిసరిన్: ఒప్పుకున్న బ్రూమాస్టర్.' అమ్మ ఫోన్ చేసింది.

"చర్చిలో ఫ్లోరెన్స్ అక్క చూపించిందే. అద్దం వెనకాల నిలబడింది నువ్వేగా? మీ వాటర్ ప్లాంటులో గ్లిసరిన్ ఎందుకే?"

"కలపలేదమ్మా."

"మరి వాడు ఒప్పుకున్నాడేంటి?"

వెనక నుంచి నాన్న గొంతు వినపడింది. ఫోన్లో కాదు, గోడకి చెప్పుకుంటున్నట్టు. "ఆ నూకలు నేను జల్లించినవి. మట్టిబెడ్డ కూడా లేదు వాటిల్లో."

* * *

సోమవారం వెంకట్ ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది, మాట ఇంకా చల్లగా ఉంది.

"ఆ ట్యాంకు శుక్రవారం పొద్దున కాలవలోకి వదిలెయ్ అమ్మా. గోధుమ బీరు పెట్టుకో. వీకెండుకి ట్యాపు ఖాళీగా ఉండకూడదు."

"సార్, అందులో ఏమీ కలపలేదు. ల్యాబ్‌కి పంపండి."

"ల్యాబ్ రిపోర్టు ఎవరు చూస్తారు? వీడియో నలభై వేల మంది చూశారు. నూకలు చెల్లిపోయాయని కామెంట్లు పెడుతున్నారు."

"అయితే నా పేరు సంగతి?"

వెంకట్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ పేరు లేకపోబట్టి బతికిపోయావమ్మా. తిట్లన్నీ కిషోర్‌కే పడుతున్నాయి."

బయట కిషోర్ బోర్డు తుడుస్తున్నాడు. నూకల బీరు వరుస పోయింది. పూలతీగ అలాగే ఉంది.

"నేనేమీ కలపలేదని మీకు తెలుసు కదా కిషోర్ గారూ?"

"తెలుసండి."

"మరి?"

"కస్టమరుతో వాదించొద్దని హోటల్ మేనేజ్‌మెంట్‌లో మొదటి రోజే చెప్తారండి. సూపులో ఈగ ఉందన్నారనుకోండి, లేకపోయినా సారీ చెప్పి సూపు మారుస్తాం."

"నాది సూపు కాదండి. ఐదు వందల లీటర్లు."

కిషోర్ సుద్దముక్క వంక చూసుకున్నాడు. అతని మొహంలో కాస్త బాధ ఉన్న మాట నిజం. దానివల్ల ట్యాంకుకి ఒరిగేదేమీ లేదు.

* * *

తెనాలి బ్యాచ్ ప్రతి బుధవారం సాయంత్రం వినోద్ షాపు మేడ మీద కూర్చుంటుందని అతని పేజీలోనే ఉంది. మనీషా సెలవు చెప్పకుండా నాలుగింటి రైలెక్కింది. తెనాలి స్టేషను బయట మూడు కొన్నది: మామిడిపండు జ్యూసు సీసా, బండి మీద సుగంధి షర్బత్తు, ఒక బొండం నీళ్ళు, రెండూ సీసాల్లో పోయించి. మూడూ సంచీలో పెట్టుకుని టైల్స్ షాపు మెట్లెక్కింది.

మేడ మీద రేకుల షెడ్డు. చుట్టూ బాత్రూం టైల్స్ శాంపిళ్ళు, మధ్యలో ఫ్రిజ్జు. ఆడపిల్ల మెట్లెక్కి రావడం చూసి ఎనిమిది మందీ ఒక్కసారి చొక్కాలు సర్దుకున్నారు. పున్నారావు సార్ తన గ్లాసుని చటుక్కున ఒక నీలం టైలు వెనక్కి నెట్టాడు. లోపల ఐసు గలగలలాడింది.

"ఏం కావాలి చెల్లెమ్మా?" వినోద్ లేచాడు. "టైల్స్ అయితే కింద అబ్బాయిలున్నారు."

"నూకల బీరు చేసింది నేనండి."

"కిషోర్ గారి అసిస్టెంటా?"

"కిషోర్ గారు బోర్డు రాస్తారండి. బీరు నేను చేస్తాను. ఫోను తియ్యండి, వీడియో తీసుకోండి. మొన్న మీరు చేసిందే చేస్తాను."

వినోద్‌కి వీడియో అంటే చాలు. ఆమె గ్లాసులో నీళ్ళు పోయించి, మామిడి జ్యూసు సీసాని తలకిందులు చేసి ముంచింది. చిక్కటి పసుపు తాడులా దిగింది.

"మీ పిల్లలు తాగేదే కదండీ ఇది. ఇందులో గ్లిసరిన్ ఎవరు పోశారు?"

వినోద్ కళ్ళు పెద్దవయ్యాయి. "చూశారా ఫ్రెండ్స్. కూల్‌డ్రింకుల్లో కూడా కలుపుతున్నారన్నమాట. ఇది ఇంకా పెద్ద స్కామ్. మంచి పని చేశావు చెల్లెమ్మా."

మనీషా పళ్ళు బిగబట్టి, నీళ్ళు మార్చి సుగంధి తిప్పింది. నల్లటి పొగలా దిగింది.

"ఇది మీ స్టేషను బయట బండి మీద నా కళ్ళముందు కలిపిచ్చాడండి."

"వాడు సిరప్ ఎక్కడ కొంటున్నాడో మనకేం తెలుసు?"

బొండం నీళ్ళు ఆఖరిది. రంగు లేదు గానీ, వెలుతురుకి పట్టి చూస్తే వేడి రోడ్డు మీద గాలి అల్లాడినట్టు సన్నగా అల్లాడుతూ దిగడం తెలుస్తోంది. "ఇదైతే చెట్టుకి కాసింది. చెట్టు కలిపిందంటారా?"

వినోద్ ఆ గ్లాసుని వాసన చూశాడు. తర్వాత ఉప్పు కండక్టరు నెమ్మదిగా అన్నాడు. "ఈ రోజుల్లో చెట్లకి ఏం మందులు కొడుతున్నారో."

"అదే," అన్నాడు వినోద్.

మనీషాకి ఆ క్షణంలో మూడు సీసాలూ తీసి ఆ బాత్రూం టైల్స్ మీద వరసగా పగలగొట్టాలనిపించింది. ఎన్ని చూపించినా వీళ్ళకి కొత్త దొంగ దొరుకుతున్నాడే తప్ప పాత అనుమానం పోవట్లేదు. నీలం టైలు వైపు తిరిగింది.

"నమస్తే సార్. ఫస్టియర్ ఎంపీసీ, బీ సెక్షన్. మనీషా. డెన్సిటీకి యూనిట్లు రాయలేదని నాకు అర మార్కు కోశారు."

పున్నారావు మొహం ముడుచుకుపోయింది. "నువ్వా అమ్మాయ్. ముందు ఆ వీడియో ఆపమను."

"ఎందుకు సార్?"

"ఇంట్లో బుధవారం వాకింగ్‌కి వెళ్తానని చెప్తానమ్మా. మా కాలనీలో సగం మంది నా స్టూడెంట్లే."

"మీరు తాగే గ్లాసు పక్కన మీ మొహం ఉండకూడదు. నేను చేసిన బీరు పక్కన నా పేరు ఉండకూడదు. మా అమ్మేమో నేను నీళ్ళ ప్లాంటులో ఉన్నానని చెప్తుంది. సార్, మనందరం బాగానే దాక్కున్నాం. దొరికింది ఆ ట్యాంకొక్కటే. ఎల్లుండి పొద్దున దాన్ని కాలవలో పోస్తారు. మా నాన్న జల్లించిన నూకలవి. మీరు మొన్న తల ఊపారు. నేను చూశాను."

కింద షాపులో టైలు కోస్తున్న మిషను చప్పుడు వచ్చి ఆగింది. పున్నారావు నీలం టైలు వెనక నుంచి గ్లాసు తీసి, బల్ల మీద, ఫోనుకి ఎదురుగా పెట్టుకున్నాడు.

"పంచదార ఉందా వినోదూ?"

టీ కోసం పెట్టుకున్న డబ్బా వచ్చింది. పున్నారావు రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదానిలో ఎనిమిది చెంచాల పంచదార వేసి, క్లాసులో చాక్‌పీస్ పట్టుకున్నంత శ్రద్ధగా కలిపాడు. ఫ్రిజ్జులోంచి వినోద్‌కి ప్రాణమైన స్ట్రాంగ్ సీసా తీయించాడు. ముందు దాన్ని మంచినీళ్ళలో తిప్పాడు. తీగలు దిగాయి.

"ఏంటిది?"

"గ్లిసరిన్ సార్," అన్నారు నలుగురు, క్లాసులో చెప్పినట్టే.

మూతికి వేలు అడ్డం పెట్టి, అదే సీసాని పంచదార నీళ్ళలో ముంచి, వేలు తీశాడు. అందరూ వంగి చూశారు. ఏమీ దిగలేదు. అర నిమిషం చూశారు. బీరు బీరులాగే సీసాలో నిలబడి ఉంది.

"ఇప్పుడేమైందిరా గ్లిసరిన్? పంచదారని చూసి సిగ్గుపడి లోపలే ఉండిపోయిందా?" పున్నారావు గొంతు పాత క్లాసురూం గొంతైపోయింది. "బరువైంది కిందికి దిగుతుంది. బీరు నీళ్ళకంటే బరువు, పంచదార నీళ్ళకంటే తేలిక. ఇంతే. నలభై ఏళ్ళు పొద్దున ఇదే బోర్డు మీద రాశాను. నలభై ఏళ్ళు సాయంత్రం ఇదే సీసా తిప్పాను. రెండూ ఒకటేనని ఒక్క రోజు కూడా తట్టలేదు."

"మరి సార్," కండక్టరుకి అనుమానం వచ్చింది, "మంచినీళ్ళలో తిప్పినప్పుడు కింద నుంచి సీసాలోకి ఎక్కేదేంటి?"

"నీళ్ళు. మనం ఇన్నేళ్ళూ బీరులో నీళ్ళు కలుపుకుని తాగాం."

ఆ మాటతో అందరూ ఎవరి గ్లాసు వంక వాళ్ళు, పెద్ద మనిషి పోయినట్టు చూసుకున్నారు. లైట్ బీరు తాగేవాళ్ళని పేషెంట్లనే మనుషులు వాళ్ళు. వినోద్ ఫోను కాస్త దించి, గొంతు తగ్గించాడు.

"ఈ ఆఖరి ముక్క తీసేద్దాం సార్."

"తియ్యకు," అన్నాడు పున్నారావు. "నా మొహం కూడా ఉంచు."

* * *

గురువారం మధ్యాహ్నం వెంకట్ ఫోన్ చేశాడు. "ట్యాంకు వదల్లేదు కదా? వదలకు, వదలకు. వీడియో చూశావా?"

మనీషా చూసింది. పున్నారావు సార్ పూర్తిగా ఉన్నాడు, ఐసు గ్లాసుతో సహా. మామిడి జ్యూసు పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకా ఉంది. ఆ చేతి తాలూకు మనిషి లేదు. పైన పెద్ద అక్షరాలతో: 'కిషోర్ గారి నూకల బీరు వంద శాతం క్లీన్.'

ఆమె మూడుసార్లు చదివింది. తర్వాత ఫోను బోర్లించి, బూట్లు తొడుక్కుని, ట్యాంకు చల్లదనం చూసి, ట్యాపుకి బీరు వదిలే వాల్వు ఉన్న కోల్డ్ రూముకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది.

ఆదివారం పదకొండింటికి తెనాలి నుంచి ఎనిమిది మంది కాదు, నలభై మంది దిగారు. గుంటూరు నుంచి రెండు కార్లు. రేపల్లె నుంచి కూడా ఎవరో. కిషోర్ ట్యాపు తిప్పాడు. ట్యాపు గాలి ఊదింది.

వెంకట్ పరిగెత్తుకుంటూ లోపలికొచ్చాడు. మనీషా స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఏంటమ్మా ఇది, జనం నిలబడ్డారు."

"నా సొంత రెసిపీ ఆడితే నా పేరు వేస్తానన్నారు సార్. ఆడింది."

"వేద్దాం, సోమవారం కూర్చుని మాట్లాడుకుందాం."

"కూర్చునే ఉన్నానండి."

"మీ అమ్మగారికే ఇష్టం లేదని విన్నాను. ఇంటిపేరు బయటపడితే..."

"మా అమ్మ సంగతి నేను చూసుకుంటాను. మీరు బోర్డు సంగతి చూసుకోండి. పేరు రాశాకే వాల్వు తిప్పుతాను. లేదంటే కిషోర్ గారు బ్రూమాస్టరు కదా, ఆయన్నే తిప్పమనండి. ఏ వాల్వో ఆయనకి తెలిసే ఉంటుంది."

కిషోర్ గుమ్మంలో నిలబడి విన్నాడు. వెనక్కి తిరిగి, తడిగుడ్డతో బోర్డు మీద తన పేరు తుడిచేశాడు. మనీషా బయటికొచ్చి సుద్దముక్క అందుకోబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను రాస్తానండి. మీ అక్షరాలు ట్యాంకు లేబుళ్ళ మీద చూశాను, బాగుండవు. ఇంటిపేరు ఏం రాయమంటారు?"

మనీషా ఒక్క క్షణం ఆలోచించింది. "రేపల్లె అని రాయండి."

అతను రాశాడు. 'నూకల బీరు. తయారీ: మనీషా, రేపల్లె.' చుట్టూ పూలతీగ గీశాడు. ఈసారి కాస్త పెద్దదే గీశాడు. ఆమె లోపలికెళ్ళి తాళం తీసి వాల్వు తిప్పింది.

పున్నారావు సార్ కిటికీ పక్కన, అందరికీ కనపడేలా కూర్చున్నాడు. గ్లాసులో ఐసు లేదు. మొదటి గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "చివర్లో అన్నం వాసన," అన్నాడు. ఆ మాట ఎవరైనా అంటారేమోనని ఆమె మూడు నెలలుగా ఎదురుచూస్తోంది. బోర్డు ఫొటో తీసి నాన్నకి పంపింది.

అప్పుడు వినిపించింది వినోద్ గొంతు.

అతని ముందు బల్ల మీద పెద్ద గాజు జగ్గు. పక్కన కిలో పంచదార ప్యాకెట్టు. చేతిలో తలకిందుల సీసా. చుట్టూ పదిహేను మంది వంగి చూస్తున్నారు.

"చూడండి ఫ్రెండ్స్, మంచినీళ్ళ టెస్టు పాతది, తప్పు. ఇక నుంచి పంచదార నీళ్ళు. ఇందులో తిప్పినప్పుడు ఏమీ దిగకపోతే ఆ బీరులో గ్లిసరిన్ లేనట్టు. మన చెల్లెమ్మ కనిపెట్టింది. దీన్ని మనీషా టెస్ట్ అంటారు. ఇక మీదట ఏ బారుకెళ్ళినా ముందు పంచదార అడగండి."

మనీషా చేతిలో ఫోను మోగింది. అమ్మ.

"ఏమే, నీ పేరు మీద ఏదో టెస్టు పెట్టారంట. ఫ్లోరెన్స్ అక్క మాట్లాడమంటోంది. నీళ్ళ టెస్టేగా?"

"మళ్ళీ చేస్తానమ్మా."

ఆమె జనాన్ని తప్పించుకుంటూ ఆ బల్ల దాకా నడిచింది. "వినోద్ గారూ, ఆ పేరు తీసెయ్యండి."

"ఏ పేరు చెల్లెమ్మా? పేరు కోసమే కదా ఇంత గొడవ చేశావు?"

"బోర్డు మీదది ఉంచండి. దీని మీదది తీసెయ్యండి."

"ఇప్పటికే లైవ్‌లో రెండు వేల మంది చూసేశారు."

కిటికీ దగ్గర నుంచి పున్నారావు సార్ చెయ్యి ఊపాడు. "వదిలెయ్యమ్మా. నలభై ఏళ్ళు చెప్పి చూశాను."

"వదలను సార్," అంది మనీషా. కాలితో ఒక స్టూలు లాక్కుని వినోద్‌కి ఎదురుగా కూర్చుంది. జగ్గు పక్కకి జరిపి, రెండు ఖాళీ గ్లాసులు ముందు పెట్టుకుంది. "మొదటి నుంచీ చెప్తాను. ఫోను ఆపకండి. ఈసారి నా మొహం కూడా పడాలి."